ముఖం కడుక్కోకముందు తాగే చాయ

మొన్న మా మనవరాలు హైదరాబాదు నుంచి వస్తూ నాకోసం ఒక అందమైన రేకు డబ్బా తెచ్చింది. మూత తీస్తే లోపల చాపత్త, మధ్యమధ్య ఎండిన సంత్ర తొక్క ముక్కలు, లవంగాలు. పాలు పోయకుండా తాగాలట. తాగితే కేకు తిన్నట్టే ఉంటుందట.

"తాతా, ఇది ఇప్పుడు కొత్తగ వచ్చింది. మీ కాలంల గిసోంటియి యాడియి?" అంది.

నేను వాసన చూసి మూత పెట్టేశాను. నవ్వు ఆపుకోబోయి దగ్గు తెచ్చుకున్నాను. ఇలాంటి చాయ వల్లనే మా బాయి మీద ఒకప్పుడు యూనియన్ గెలిచింది, మేనేజ్‌మెంటు గెలిచింది, ఒక కుక్క బలిసింది, ఒక మనిషికి శిక్ష పడింది. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు మీటింగుల్లో కూర్చుని చాయ తాగుతుంటారు గనుక, వాళ్లకు పనికొస్తుందేమోనని ఆ సంగతి రాస్తున్నాను.

బాయి అంటే మా దగ్గర బొగ్గుగని. డెబ్బైల మొదట్లో నేను గోదావరిఖనిలో ఒక ఇంక్లైనులో, అంటే ఏటవాలుగా లోపలికి దిగే గనిలో, ఫిల్లరును. తట్టా, చెమ్మస్ అనే పెద్ద పారా పట్టుకుని కింద బొగ్గెత్తి టబ్బుల్లో నింపడం నా పని. దీనితోపాటు క్యాంటీన్ కమిటీలో కార్మికుల తరఫు మెంబరును కూడా. అంతమాత్రాన గొప్పవాణ్ని అనుకోకండి. ఏడో తరగతి చదివాను, సంతకం గుండ్రంగా పెడతాను, మీటింగులో నిద్రపోను. అప్పట్లో ఈ గుణాలన్నీ ఒకే మనిషిలో దొరకడం కష్టంగా ఉండేది.

మా క్యాంటీన్ అంటే నాలుగు గుంజల మీద రేకులు. అందులో చాయ కాచే ఆయన్ని అందరం కాక అనేవాళ్లం. అంతకుముందు కాక కూడా మాతోపాటు బొగ్గెత్తినవాడే. ఒకసారి పైకప్పు పెళ్ల ఊడి కాలి మీద పడింది. దవాఖానలో కాలు మిగిలింది గాని వంగడం మానేసింది. గనిలోకి దిగలేని మనిషిని ఏం చెయ్యాలో తెలియక కంపెనీవాళ్లు టెంపరరీగా చాయ దగ్గర పెట్టారు. ఆ చాయ పని ఉన్నన్నాళ్లే ఆయనకు పైన డ్యూటీ. అది పోతే మళ్లీ దవాఖానకు పంపి కాలు చూస్తారు, అన్‌ఫిట్ అంటారు, నౌకరి పోతుంది. దాని వెంటే క్వార్టరు పోతుంది. ఇద్దరు ఆడపిల్లలతో, భార్యతో ఆ ఒక్క గది క్వార్టరులో ఉండేవాడు. ఆమెను మేము చిన్నమ్మ అనేవాళ్లం. వాళ్లు చర్చికి వెళ్లే కుటుంబం. చిన్నమ్మ క్రిస్మస్‌కు బొగ్గుల పొయ్యి మీదే, పైన మూతలో కూడా నిప్పులు పోసి కేకు చేసేది. ఆ రోజుల్లో ఆ క్వార్టర్ల లైనులో కేకంటే ఏమిటో అందరికీ తెలిసింది ఆమె వల్లనే.

మొదట్లో కాక చేసేది మామూలు నల్ల చాయే. మా దగ్గర ఎండాకాలం పాలు పొద్దెక్కకముందే విరిగిపోయేవి, అందుకని పాల ఊసే ఉండేది కాదు. ఒక ఏడు క్రిస్మస్ ముందర చిన్నమ్మ కేకు కోసం చక్కెర మాడబెట్టింది. ఇనుప మూకుట్లో చక్కెర కరిగి ఎర్రబడి, పొగ లేచే వేళకు నీళ్లు పోస్తే వచ్చే పాకం అది. కేకుకు రంగూ రుచీ దానితోనే. ఆసారి పాకం ఎక్కువైంది. ఏదైనా పారబోయడం చిన్నమ్మకు చేతకాదు. సీసాలో పోసి, మిగిలిన లవంగాలు, దాల్చిన చెక్క, ఎండబెట్టిన సంత్ర తొక్క పొట్లం కట్టి కాక చేతికిచ్చింది. సంత్రాలు నాగపూర్ నుంచి రైల్లో వచ్చి రామగుండం స్టేషను బయట గుట్టలు పోసేవారు. పండు పిల్లలకు, తొక్క కేకుకు. కాక ఆ సీసాను చాయ గిన్నెలో వంపి, పొట్లం విప్పి వేసి, పైన ఇంత బెల్లం కొట్టి వేశాడు.

ఇక్కడ మా అలవాటు ఒకటి చెప్పాలి. షిఫ్టు దిగి పైకి వచ్చినవాడు ముఖం కడుక్కోడు. ముందు పుక్కిట నీళ్లు పట్టి నల్లగా ఉమ్మేస్తాడు, తరువాత చాయ తాగుతాడు, ఆ తరువాతే కడుక్కోవడం. ముఖం కడిగితే దుమ్ము బయటిది పోతుంది, లోపలిది చాయతోనే దిగాలని మా పెద్దలు చెప్పేవారు. బెల్లం కూడా అందుకే. అది నిజమో కాదో డాక్టర్లను అడగండి. మేమైతే ఆ గ్లాసు గొంతులో పడేదాకా ఒకరితో ఒకరం మాట్లాడేవాళ్లం కాదు.

ఆ రోజు గ్లాసు పడ్డాక కూడా ఎవరూ మాట్లాడలేదు. కళ్లు తప్ప అన్నీ నల్లగా ఉన్న మనుషులం గ్లాసుల్లోకి చూస్తూ నిలబడ్డాం. ఆఖరికి గోదావరి అవతల జైపూరు పక్క పల్లె నుంచి వచ్చే ఒక ముసలి ఫిల్లరు నోరు విప్పాడు.

"కాక, గిండ్ల భక్ష్యాల పూర్ణం ఏమన్న కలిపినవా?"

"పూర్ణం ఏంది? డబల్ కా మీఠా ఇది. మా షాదీలల్ల గిట్లనే ఉంటది" అన్నాడు టబ్బుల్ని తాడుతో పైకి లాగే హాలేజీ నడిపే భాయి.

"కాదు. మా అత్తగారింట్ల అరిసెలు మాడినప్పుడు గీ వాసనే వస్తది" అన్నాడు మా సర్దారు. కింద మా గ్యాంగు ఆయన మాట మీదే నడుస్తుంది గనుక కొందరు వెంటనే అరిసెల పక్షం చేరారు.

కాక అందరి ముఖాలూ చూస్తూ "కేకు బిడ్డా, కేకు" అంటున్నాడు. ఆయన మాట ఎవరూ వినలేదు. చేసినవాడికి ఏం తెలుస్తుంది.

ఆ మరునాటి నుంచి చిన్నమ్మ రోజూ చక్కెర మాడబెట్టింది. ఏడాదికోసారి తినే పండుగ రుచి రోజూ గ్లాసులో దొరకడమంటే ఏమిటో మీకు చెప్పడం కష్టం. కిందనుంచి ఎక్కి వస్తుంటే సగం దూరంలోనే మాడిన చక్కెర వాసన తగిలేది. అప్పటిదాకా టబ్బు నీదా నాదా అని కొట్లాడుకున్నవాళ్లు ఆ వాసన తగలగానే గొంతులు తగ్గించేవారు. మొదటి గుక్కలో చేదు, వెనకాల తీపి, ఆఖర్న లవంగం ఘాటు. భుజాల్లో నొప్పి ఉన్నచోటే ఉండేది గాని, దాన్ని ఇంటిదాకా మోసుకుపోగలమనిపించేది. మా బతుకులో ఎవరినీ అడుక్కోకుండా దొరికిన సుఖం అదొక్కటే అనుకుంటాను.

అడుక్కోకుండా దొరికిందే మా కొంప ముంచింది. అడిగి సాధించనిది యూనియన్ లెక్కలోకి రాదు.

మా లీడరు మంచివాడే. తెల్ల బట్టలు, పెద్ద గొంతు. ఒకసారి మేనేజరు ఆఫీసుకు వెళ్తే అక్కడి గుమాస్తాలకు పాల చాయ ఇస్తున్నారట. ఆయన కడుపు రగిలిపోయింది. గేటు మీటింగు పెట్టాడు.

"ఆఫీసుల కుర్చీల కూసునేటోనికి పాల చాయ, బొగ్గెత్తెటోనికి నల్ల చాయనా? మనం మనుషులం కామా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు "కాము" అని ఎవరంటారు. అందరం చేతులెత్తాం. నా గొంతు మరీ గట్టిగా వినిపించిందని తరువాత మెచ్చుకున్నారు. మీటింగు అయ్యాక కాక నా దగ్గరికి కుంటుకుంటూ వచ్చాడు.

"నా చాయ బాగుంటలేదా బిడ్డా?"

"నీ చాయకేమైంది కాక, మంచిగుంది. ఇది హక్కు సంగతి."

"గట్లనా. మరి హక్కు తాగి చూడుండ్రి" అని వెళ్లిపోయాడు. కోపంగా అన్నాడో మామూలుగా అన్నాడో తెలియలేదు.

క్యాంటీన్ కమిటీ ఆ ఒక్క విషయం మీదే నెలల తరబడి కూర్చుంది. మేనేజ్‌మెంటు మొదట కుదరదంది, తరువాత చూద్దామంది, ఆఖరికి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక చూస్తే వాళ్లే మాకంటే ఎక్కువ సంబరపడుతున్నారు. కొత్త క్వార్టర్లు అడుగుతారని భయపడుతుంటే పాల చాయ అడిగారు మరి. ఒప్పందంలో ఇంకో మాట కూడా చేరింది. కార్మికుల గౌరవానికి భంగం కలిగించే నల్ల చాయ ఇక ఎక్కడా కాయరాదు. ఆ మాట పెట్టించింది మేమే.

కొత్త రేకుల షెడ్డు వచ్చింది, పెద్ద బాయిలర్ వచ్చింది, పాల పొడి డబ్బాలు వచ్చాయి, బాయిలర్ తిప్పడానికి తెల్ల టోపీ పెట్టుకున్న మనిషి వచ్చాడు. మేనేజరు, లీడరు కలిసి బాయిలరుకు పూలదండ వేసి కొబ్బరికాయ కొట్టారు. మొదటి షిఫ్టు పైకి వచ్చింది. నీళ్లు ఉమ్మేసి, గ్లాసులు పట్టుకుని, జై కొట్టి, ఒక గుక్క తాగాం.

సున్నం నీళ్లలో చక్కెర వేసినట్టుంది. బొగ్గుదుమ్ము మీద పాలపొడి పడితే రెండూ కలిసి గొంతులో పిండి ముద్దలా నిలబడ్డాయి. పక్కనున్న జైపూరు పెద్దమనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గిది తాగుతనే దినాం సావాల్నా?" అన్నాడు మెల్లగా.

"ఊకో కాక. లీడరు చూస్తుండు" అన్నాను. వయసు పెద్దవాళ్లందరూ మాకు కాకలే.

గెలిచిన చాయను గెలిపించినవాడి ముందు ఎలా పారబోస్తాం. ఒక్కొక్కరం మాట్లాడుకుంటున్నట్టు నడుస్తూ షెడ్డు వెనకాల వేపచెట్టు దాకా వెళ్లాం. అక్కడ మా బాయి మీద తిరిగే బక్క కుక్క పడుకుని ఉండేది. దాని ముందు పగిలిన మట్టి చిప్ప ఒకటి పెట్టాం. ఆ తరువాత ఏ షిఫ్టు దిగినా జనం వేపచెట్టు వైపే నడిచేవారు. ఒకరోజు నేను వెళ్లేసరికి లీడరే అక్కడ వంగి ఉన్నాడు, చేతిలో గ్లాసు ఖాళీ అవుతోంది.

"పాపం, నోరులేని జీవి" అన్నాడు నన్ను చూసి.

"అవునన్నా" అని నేనూ నా గ్లాసు వంచాను.

గ్లాసులన్నీ ఖాళీగా తిరిగి వస్తున్నాయి గనుక పాల చాయ బ్రహ్మాండంగా నడుస్తోందని పైకి కబురు వెళ్లింది. ఇంకో బాయిలర్ కూడా పంపుతామన్నారు. కుక్క మాత్రం గుండ్రంగా తయారైంది. ఆ మధ్య దానికి నడవడం కూడా బద్ధకమైంది.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, కాక సంగతి లేకపోతే. తెల్ల టోపీ వచ్చాక కాకకు గ్లాసులు కడిగే పని మిగిలింది. గ్లాసులు కడగడానికి ఒక మనిషి ఎందుకని క్యాంటీన్ ఇన్‌చార్జి నా ముందే రెండుసార్లు అన్నాడు. కొత్త షెడ్డు చూడటానికి హెడ్డాఫీసు నుంచి పెద్ద సారు వస్తున్నాడని, ఆయన వచ్చి వెళ్లాక కాకను కాలు పరీక్షకు పంపుతామని చెప్పాడు. పరీక్ష అంటే ఏమిటో మాకు తెలుసు. చిన్నమ్మ మా ఇంటికి వచ్చి నా భార్య దగ్గర కూర్చుంది. వెళ్లేటప్పుడు "పిల్లల బడి మధ్యల ఉన్నది" అని ఒక్కమాట అంది.

ఈ లోపల ఇంకో ముచ్చట మొదలైంది. గనిలో పైకప్పుకు ఆనించే దుంగలన్నీ పేర్చిపెట్టే కట్టె యార్డు ఒకటి మా దగ్గర ఉండేది. దాని మూలన నీళ్ల తొట్టి పక్కన కాక మళ్లీ పొయ్యి పెట్టాడు. మేమే పెట్టించాం అనాలి. చిన్నమ్మ సీసా తువ్వాలలో చుట్టుకుని వచ్చేది. వేపచెట్టు దగ్గర హక్కును వంపేసి, అక్కడినుంచి దుంగల చాటుకు వెళ్లి చాయ తాగేవాళ్లం. వాచ్‌మనుకు మొదటి గ్లాసు. లీడరుకు రెండో గ్లాసు, కాని ఆయన వస్తున్నప్పుడు మేమెవరం ఆయన్ని చూడకూడదు. కాక దొరికితే పరీక్ష దాకా కూడా పోనక్కర్లేదు, అదే రోజు ఇంటికి పంపేస్తారు. ఆ సంగతి చెబితే కాక నవ్వాడు.

"ఎట్లయినా పోయేదే గద బిడ్డా. పోయేదాక జర మంచిగ పోసి పోత."

పెద్ద సారు వచ్చాడు. ఎండాకాలం, భూమి సెగలు కక్కుతోంది. షెడ్డుకు తోరణాలు కట్టారు. ఆయన ఉన్నట్టుండి నేను కిందికి దిగి చూస్తానన్నాడు. మేనేజరుకు చెమటలు పట్టాయి గాని కాదనలేకపోయాడు. సారు తలకు దీపం పెట్టుకుని దిగాడు. కింద మేము బొగ్గెత్తుతుంటే మా పక్కనే నిలబడి ఏవేవో అడిగాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు, దుమ్ముకు దగ్గుతూ కూడా ప్రశ్నలు ఆపలేదు. తిరిగి ఎక్కే వేళకు కరెంటు పోయింది. మనుషుల్ని పైకి లాగే తాడు ఆగిపోయింది. మన బొగ్గు కాలిస్తే పుట్టే కరెంటు మన మీదే అలగడం మాకు అలవాటే. సారుకు అలవాటు లేదు. ఆ ఏటవాలంతా ఆయన మాతోపాటు కాళ్లతోనే ఎక్కాడు. మధ్యలో రెండుచోట్ల నా భుజం పట్టుకున్నాడు. వెలుతురులోకి వచ్చేసరికి ఆయన ఎవరో, నేనెవరో గుర్తుపట్టడం కష్టమయ్యేటట్టు ఉన్నాం.

మేనేజరు పరుగున వచ్చి పింగాణీ కప్పులో పాల చాయ అందించాడు. సారు ఆత్రంగా ఒక గుక్క తాగాడు. ఆయన ముఖం నేను దగ్గరినుంచి చూశాను. మింగలేడు, ఉమ్మలేడు. చుట్టూ యూనియనూ మేనేజ్‌మెంటూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆఖరికి మింగి, కప్పు పక్కనున్నవాడి చేతిలో పెట్టి, దగ్గుతూ చుట్టూ చూశాడు. అప్పుడే కట్టె యార్డు వైపునుంచి గాలి వీచింది.

"ఏమిటయ్యా ఆ వాసన?" అన్నాడు.

"కట్టెలు కోస్తున్నారు సార్" అన్నాడు మేనేజరు.

"లవంగం కట్టెలా?" అని సారు అటువైపు నడిచాడు.

మా అందరి ప్రాణాలు పోయాయి. షిఫ్టు మొత్తం ఆయన వెనకాల నడిచింది, ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. దుంగల మూల తిరగగానే పొయ్యి, గిన్నె, పక్కన కాక కనిపించారు. కాక ఆ కాలుతో పారిపోలేడు. సారు ఎవరో ఆయనకు తెలుసు. గిన్నెలోంచి గ్లాసు నింపి ముందుకు చాచాడు. చాయ చుక్క కూడా తొణకలేదు.

సారు ఒక దుంగ మీద కూర్చుని తాగాడు. అడగకుండానే కాక మళ్లీ నింపాడు. అది కూడా తాగి సారు కళ్లు మూసుకున్నాడు.

"మా ఇంట్లో పాకం గారెలు వండిన రోజు ఇలాగే ఉండేది" అన్నాడు. ఆయనది కోస్తా. ఇన్నాళ్లూ లేని కొత్త పక్షం ఒకటి వచ్చి చేరిందని భాయి నా చెవిలో అన్నాడు.

"ఎవరు కాయమన్నారు దీన్ని?" అని సారు అడిగాడు. అందరం దుంగల వైపు చూశాం. ఆయన మళ్లీ, "చాలా బాగుంది, అందుకని అడుగుతున్నా" అన్నాడు.

అంతే. మేనేజరు ముందుకొచ్చి, ఇది ప్రయోగాత్మకంగా తామే చేయిస్తున్నామని చెప్పాడు. లీడరు ఊరుకుంటాడా. ఇది కార్మికుల చిరకాల కోరిక అని, నల్ల చాయ మీద నిషేధం ఎత్తెయ్యాలని యూనియన్ తరఫున అక్కడే డిమాండు పెట్టాడు. ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతుంటే కాక నా వైపు చూశాడు. తన ఉద్యోగం పోయిందా ఉందా అని నన్ను అడుగుతున్నట్టుంది. నాకు మాత్రం ఏం తెలుసు.

సారు లేచి కాక భుజం తట్టాడు. ఇంత పనివాణ్ని ఈ దుంగల్లో పడేశారేమిటని మేనేజరును మందలించి, ఈయన్ని గెస్టుహౌసుకు పంపించండి, పర్మినెంట్ చెయ్యండి అన్నాడు.

మేము గట్టిగా జై కొట్టాం. కొట్టాక గాని సంగతి బుర్రకెక్కలేదు. కాక నౌకరి నిలబడింది, క్వార్టరు నిలబడింది, చిన్నమ్మ ఆ సాయంత్రం లైనంతా తిరిగి కేకు పంచింది. మాకు చాయ పోయింది. ఏడుద్దామంటే అది కాక బాగుపడ్డందుకు ఏడ్చినట్టవుతుంది. అందుకని దండ వేసి, నవ్వుతూ సాగనంపాం. తెల్లారి షిఫ్టు దిగి పైకి వస్తుంటే సగం దారిలో ఏ వాసనా తగల్లేదు. నాకు నిజంగా దుఃఖం వచ్చింది. ముఖం నల్లగా ఉంది గనుక ఎవరికీ కనిపించలేదు.

కొన్నాళ్లు మేమే కాచుకుందామని చూశాం. ఒకరోజు నేను చక్కెర మాడబెట్టాను. ఆ పొగకు కట్టె యార్డు అంటుకుందనుకుని వాచ్‌మను ఇసుక బకెట్లతో ఉరికొచ్చి నా మూకుట్లో పోశాడు. ఆ తరువాత ఎవరూ ప్రయత్నించలేదు. కుక్క ఒక్కటే మునుపటిలా సుఖంగా ఉంది.

గెస్టుహౌసు కబుర్లు మాకు అక్కడి తోటమాలి ద్వారా తెలిసేవి. అక్కడ ఆఫీసర్లు సాయంత్రం స్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, ఫ్యాను కింద కూర్చునేవారట. కాక చాయ పోస్తే తాగి, బాగానే ఉందనేవారట. వాళ్ల మాటల్లో పెద్దగా ఊపు లేదని తోటమాలి అన్నాడు. తరువాత పెద్ద సారు మళ్లీ వచ్చాడు. దీనికోసమే ఎదురుచూస్తున్నానని పదిమందికీ చెప్పి, ఒక గుక్క తాగి, మొహం చిట్లించాడట.

"ఇది ఆ చాయ కాదే" అన్నాడట.

ఇక గెస్టుహౌసు అంతా కదిలింది. చక్కెర బాగాలేదని మంచి చక్కెర తెప్పించారు. మామూలు సంత్ర తొక్క ఎందుకని సీసాల్లో ఎసెన్సు తెప్పించారు. జీడిపప్పు వేయించి వేశారు. మూకుడు పాతదని వెండిలా మెరిసే గిన్నె కొన్నారు. ఒకాయన బాగా ఆలోచించి, కాసిని పాలు పోస్తే సరిపోతుందేమో అన్నాడట. సారు ప్రతిసారీ తాగడం, ఆ రోజు చాయ కాదనడం. ఆఖరికి అందరూ కలిసి తేల్చింది ఏమిటంటే, ఈ మనిషికి పర్మినెంట్ అయ్యాక పొగరెక్కింది, కావాలనే చెడగొడుతున్నాడు. శిక్ష కింద కాకను గెస్టుహౌసు నుంచి తీసేసి మా బాయి మీదికే బదిలీ చేశారు. పర్మినెంటు మాత్రం వెనక్కి తీసుకోలేకపోయారు. ఇవ్వడానికి ఒక సంతకం చాలింది, తీసుకోవడానికి ఎవరెవరు సంతకం పెట్టాలో తేలలేదు.

కాక వచ్చిన రోజు మేము ముందే కట్టె యార్డులో పొయ్యి సిద్ధం చేసి పెట్టాం. చిన్నమ్మ ఈసారి సీసాను తువ్వాలలో దాచలేదు, చేత్తో పట్టుకుని గేటు ముందునుంచే నడిచి వచ్చింది. లీడరు ఈ బదిలీ యూనియన్ సాధించిన విజయమని చెప్పాడు. ఎవరం కాదనలేదు. గ్లాసులు నిండాయి. మేమంతా మళ్లీ మాటల్లేకుండా నిలబడి తాగాం. జైపూరు పెద్దమనిషి రెండో గ్లాసు కోసం చెయ్యి చాస్తూ అడిగాడు.

"గీ చాయను ఆళ్లకెందుకు పొయ్యలేదు? నిజం చెప్పు, కావాల్నని చెడగొట్టినవా?"

కాక తెల్లబోయాడు.

"యేసయ్య తోడు, గిదే చాయ పోసిన. గిదే మూకుడు, గదే సంత్ర తొక్క. ఆళ్లు ఏం తెప్పిచ్చినా సుత ముందు గిదే పోసిన" అన్నాడు. మా అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూశాడు. "చాయల ఏం తక్కువ లేదు బిడ్డా. తాగెటోళ్లే మొఖాలు కడుక్కొని కూసున్నరు."

అప్పుడు మేము నవ్వాం. పళ్లు ఒక్కటే తెల్లగా కనిపిస్తుంటే అంతమందిమి ఒకేసారి నవ్వడం కాకకు కూడా నవ్వు తెప్పించింది. ఆ తరువాత ఆయన రిటైరయ్యేదాకా ఆ పొయ్యి అక్కడే మండింది. ఇద్దరు ఆడపిల్లల చదువూ ఆ క్వార్టరులోనే అయింది. నల్ల చాయ మీద నిషేధాన్ని ఎవరూ గుర్తు చెయ్యలేదు, పాల చాయ ఒప్పందం కూడా రద్దు కాలేదు, రెండో బాయిలర్ వచ్చి షెడ్డులో తుప్పు పట్టింది. కాక పోయి చాలా ఏళ్లయింది. చిన్నమ్మ దగ్గర నా భార్య పాకం నేర్చుకుంది గనుక మా ఇంట్లో ఇప్పటికీ రోజూ ఆ చాయే.

మనవరాలి డబ్బా చాయ కూడా కాచి తాగాను. బాగానే ఉంది, బిడ్డ ఇష్టంగా తెచ్చింది. "ఇది ఆ చాయ కాదే" అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ మాట ఇంతకుముందు ఎవరన్నారో గుర్తొచ్చింది.

మా ఇంటికి ఇప్పటికీ బాయి సైరను వినిపిస్తుంది. మొదటి షిఫ్టు దిగే సైరను కూయగానే నేను అరుగు మీద కూర్చుంటాను, నా భార్య గ్లాసు తెస్తుంది. పాత అలవాటు కొద్దీ తాగేదాకా ముఖం కడుక్కోను. నిన్న ఆమె నవ్వింది.

"కడుక్కొని తాగరాదు? ఇంకా ఏం నల్లగున్నదని గట్ల కూసుంటవు?"

ముఖం చేత్తో తడుముకుని చూసుకున్నాను. చేతికి నలుపేమీ అంటుకోలేదు. గ్లాసు చల్లారకముందే తాగేశాను.